హీరో అడ్డొస్తున్నాడు

ఆమోసు సినిమాకి వెళితే హీరోని చూడడు. హీరోయిన్నీ చూడడు. వాళ్ల వెనక సంతలో వంకాయలు ఏరుకుంటున్న మనిషిని చూస్తాడు. కోర్టు సీనులో గోడకి చేరబడి కునుకు తీస్తున్న బంట్రోతుని చూస్తాడు. తెర నిండా వెన్నెల పరుచుకుని ప్రేమికులిద్దరూ పాడుకుంటుంటే, ఆ వెన్నెల అంచున పడవ కట్టేస్తున్నవాడి చేతులు చూసి పరవశించిపోతాడు.

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వారానికో సినిమా చూస్తాడు. తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా, ఏదైనా ఒకటే.

"బాసతో నాకేటి పని? నాకు నచ్చినోళ్లు ఎలాగూ మాటాడరు కదా" అంటాడు.

ఆయన క్వార్టరుకీ మీనాకుమారి క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. ఆమె మామగారు బతికున్న రోజుల్లో ఆమోసూ ఆయనా ఒకే షాపులో పనిచేసేవారు. అందుకని వరస కలిపి మావయ్యా అని పిలుస్తుంది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ గోడకి ఇవతల కుట్టుమిషను తొక్కుకుంటూ, అవతల ఆమోసు తన భార్య పైడితల్లికి చెప్పే సినిమా కబుర్లు వింటూనే ఉంది. ఆ కబుర్లు లేని వారం జాకెట్లకి చేతులు వంకరగా కుదిరేవి.

"ఎలాగుంది సినిమా?"

"బెమ్మాండం. అప్పడం పెద్దాయన అదరగొట్టీసినాడు."

"ఆడెవుడు?"

"పెళ్లి సీనులో ఆకరి బంతి. అందరూ ఆకులో ఏసింది ఏసినట్టు నమిలీసినారు. ఆయన మాత్రం, మళ్లీ తీస్తారేటోనని అప్పడం ఇరక్కుండా సేత్తో పట్టుకునే కూకున్నాడు. ఎంత బాద్దెత!"

"పెళ్లెవరిదయ్యా?"

"ఏమో. హీరో అడ్డొచ్చీసినాడు."

హీరో అడ్డు రావడమే ఆమోసు జీవితంలో ఉన్న పెద్ద కష్టం. ఆయన ముచ్చటపడి ఎవరినో చూసుకుంటూ ఉంటాడు. సరిగ్గా అప్పుడే హీరో చొక్కా గుండీలు విప్పుకుని తెరంతా ఆక్రమించేస్తాడు. "జరగవయ్యా బాబూ" అని గొణుగుతాడు ఆమోసు. టిక్కెట్టు కొన్నవాళ్లందరూ ఆ గుండీల కోసమే వచ్చారన్న సంగతి ఆయనకి ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

కాలనీలోనే రైల్వే ఆఫీసు గుమాస్తా విఘ్నేశ్వర్ ఉన్నాడు. చూసిన ప్రతి సినిమాకీ ఫోన్లో నక్షత్రాలు ఇచ్చేగానీ నిద్రపోడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"ఆమోసు గారూ, నిన్నటి సినిమాలో క్లైమాక్సు ఎలా ఉందండీ?"

"కుండల కొట్టు మీద పడ్డోడు బావున్నాడు బాబూ. అంత దెబ్బ తిని పడతా కూడా, పక్కన పడ్డోడికి తగలకుండా కాలు ముడుసుకున్నాడు. అదీ పెంపకం అంటే."

"అది కాదండీ. అక్కడ హీరో చచ్చిపోతాడు కదా!"

ఆమోసు ఉలిక్కిపడ్డాడు. "అయ్యయ్యో! ఎప్పుడు?"

ఆ పూట విఘ్నేశ్వర్ నక్షత్రాలు ఇవ్వకుండానే పడుకున్నాడట.

ఇక డాన్సుల్లో ఆమోసు చూసేది వెనక వరసే. ఒక పాటలో ఎవరో పిల్లకి చెప్పు వారు తెగింది. ఆ పిల్ల తెగిన చెప్పుని వేళ్లతో పట్టి ఈడుస్తూనే పాటంతా ఆడింది. హాలు మొత్తానికి అది చూసినవాడు ఈయనొక్కడే. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ముందు సీట్లోంచి ఒక బెంగాలీ పెద్దమనిషి కంగారుగా వెనక్కి తిరిగి, "కీ హోలో దాదా?" అన్నాడు. ఏమీ కాలేదు దాదా, చెప్పు తెగింది అంతే అని ఆమోసు తన చెప్పు చూపించి వివరించబోయాడు. పెద్దమనిషి పాపం తన చెప్పులు కాళ్ల కిందకి లాక్కున్నాడు.

డిసెంబరు వస్తే ఖరగ్‌పూర్ అంతా పిక్నిక్కులకి బయల్దేరుతుంది. ట్రాఫిక్ కాలనీ తెలుగువాళ్లూ గుండిగలూ జంపఖానాలూ వ్యానుకెత్తి కాంసాయి ఒడ్డుకి చేరతారు. ఆ నది చలికాలంలో సగం నీరు, సగం ఇసక. ఎండ కూడా ఎక్కడో పనికి వెళుతూ దారిలో కాసేపు కూర్చున్నట్టు ఉంటుంది. వేటమాంసం ఉడికేలోపు ఆమోసు ఆ ఏడు చూసిన సినిమాల గురించి తన అభిప్రాయాలు చెప్పాలి. అది కాలనీ ఆనవాయితీ. నవ్వడానికే అందరూ చుట్టూ చేరతారు. నవ్వుతున్నారని ఆయనకీ తెలుసు. వాళ్లు నవ్వుతుంటే ఆయన కథ ఇంకా పెంచుతాడు.

కానీ ఈ ఏడు పిక్నిక్కుకి రానని మీనాకుమారి భీష్మించుకుంది.

కారణం ఒక సినిమా. ఎండలు ముదరకముందు ఊరి బయట చిన్న స్టేషన్లో బెంగాలీ సినిమా షూటింగు జరిగింది. ప్లాట్‌ఫారం మీద నిలబడడానికి జనం కావాలని ఖరిదా బజారులో షామియానాలు అద్దెకిచ్చే సుందర్ రాజు మనుషుల్ని పోగేశాడు. మీనాకుమారి కూడా వెళ్లింది. ఉన్నవాటిల్లో మంచి పచ్చచీర కట్టుకుని, పొద్దుటి నుంచీ చీకటి పడేదాకా నిలబడింది. రైలు కదిలినప్పుడు చెయ్యి ఊపాలన్నారు. అది మనుషుల్లేని రైలు. ఖాళీ కిటికీలకి చెయ్యి ఊపుతుంటే ముందు నవ్వొచ్చింది. ఆ తరవాత ఎందుకో, నిజంగానే తనవాళ్లెవరో వెళ్లిపోతున్నట్టు అనిపించింది. ఈ చివరి సంగతి మొగుడు శ్రీనివాస్‌కి కూడా చెప్పుకోలేదు. మిగతాదంతా మాత్రం పూరీ గేట్ దాకా చాటింది.

డిసెంబరులో సినిమా వచ్చింది. కాలనీ కదిలి వెళ్లింది. స్టేషను సీను వచ్చింది, పోయింది. శుభం కార్డు కూడా పడింది. మీనాకుమారి ఎక్కడా లేదు.

"ఏదే? ఎక్కడున్నావే?" అంది అత్త పోలమ్మ, దీపాలు వెలగ్గానే అందరికీ వినపడేలా. "ఆ రోజు నాకు సద్దన్నం పడీసి, సోకు సేసుకుని ఎక్కడికెల్లినావే నువ్వు?"

"స్టేషన్‌కే అత్తా! ఒట్టు!"

"అయితే రైలెక్కి పోయినావేటి? మనిసివి కనపడవేటి?"

అందరూ నవ్వారు. శ్రీనివాస్ "పోనీలే అమ్మా" అన్నాడు. ఆ మాటతో నిజంగానే అబద్ధమాడిన దానిలా అయిపోయింది ఆమె. మర్నాటి నుంచి కుళాయి దగ్గర "జరగండి, హీరోయిన్ గారికి దారియ్యండి" అంటూ వెక్కిరింపులు. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా, "నిజం సెప్పు, ఎల్లినావా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆమె నిలబడిన ఆ ఒక్క రోజునీ ఎవరో కత్తిరించి పారేసినట్టయింది. మిషను ముందు కూర్చుంటే దారం ఊరికే తెగేది.

పిక్నిక్కునాడు పైడితల్లే వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయింది. మీనాకుమారి జనానికి దూరంగా, ఇసకలో ఉల్లిపాయల గంప ముందు కూర్చుంది. ఉల్లిపాయలైతే కళ్లు తుడుచుకోవడానికి కారణం చెప్పక్కర్లేదు.

ఆమోసు మొదలుపెట్టాడు.

"ఎండాకాలంలో ఒకటి సూసినాను. పేరు గుర్తునేదు. పోస్టాఫీసులో ముద్దర్లేసే ముసల్ది ఉన్న సినిమా."

"హీరో పేరు చెప్పండి, నేను పోల్చుకుంటాను" అన్నాడు విఘ్నేశ్వర్.

"ఉన్నాడెవుడో. ఉత్తరాలు పోస్టు సేసుకోడానికొచ్చి ముసల్దానికి అడ్డంగా నిలబడిపోనాడు."

నవ్వులు. తరవాత మేకని మోసినవాడి గురించి చెప్పాడు. మేక తన్నుతున్నా దాన్ని దింపకుండా, యుద్ధమంతా అయ్యేదాకా మోశాడట. యుద్ధం ఎవరు గెలిచారని అడిగితే, మేక గెలిచింది అన్నాడు. గుండిగ దగ్గరవాళ్లు కూడా గరిటెలు వదిలేసి వచ్చారు. మీనాకుమారి మాత్రం ఉల్లిపాయల గంపని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆ స్టేషను సినిమా మాట వస్తే అందరూ తనవైపు తిరుగుతారు.

"ఇంక ఆకరిది. ఈ ఏడాది మొత్తానికి నాకు బాగా నచ్చినావిడ. ఆ రైలు సినిమాలో ఉంది."

"ఒరే ఆమోసూ, ఆ సినిమా ఊసెత్తకురా" అంది పోలమ్మ. "ఉన్న పరువు సాలు మాకు."

"ఉండు ఒదినా. పచ్చసీరావిడ. రైలు కదిలింది. అందరూ సెయ్యి ఊపీసి, పనయిపోనాదని ఎనక్కి తిరిగీసినారు. ఆవిడ తిరగనేదు. రైలు ఎల్లిపోనా సెయ్యి దించడం మర్సిపోయి అలాగుండిపోనాది. ఖాళీ రైలది, నాకు తెల్దేటి? అందులో నేని మనిసిని, ఉన్నట్టే సాగనంపినాదమ్మా ఆవిడ!"

కత్తిపీట మీద మీనాకుమారి చెయ్యి ఆగిపోయింది. ఎవరికీ చెప్పని సంగతది. ఈయన చూశాడు. ఊరికే ఓదార్చడానికి అంటున్న మాట కాదు, నిజంగానే చూశాడు.

"ఆగాగు" అంది పోలమ్మ. "ఇంతమందిమి కళ్లు పొడుసుకుని సూసినాం. మాకెందుకు కనపడనేదు?"

"హీరోయిన్ అడ్డొచ్చీసినాది ఒదినా! ఆవిడ ఎడం సెవికి జుంకా ఉందా, దాని కింద సూడాల. ఆవిడ ఏడిసి తల ఒంచితే జుంకా పక్కకి జరుగుతాది. అప్పుడు మీనా కనపడతాది. ఏడుపాపిందా, మళ్లీ అడ్డం."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోలమ్మ కొంగు బిగించి లేచింది. "తినీసి వ్యానెక్కండి. సాయంత్రం ఆటకెల్దాం."

వ్యానులో గుండిగల మధ్య ఇరుక్కుని కూర్చున్న విఘ్నేశ్వర్, ఈసారి వేళాకోళం లేకుండా అడిగాడు. "ఎందుకండీ మీకు, ఈ వెనకవాళ్లంటే అంత ఇది?"

"మరేటి బాబూ. పొద్దున్నే లేసి, నీల్లోసుకుని, ఉన్నాట్లో మంచిది కట్టుకునొస్తారు. దినమంతా ఎండలో నిలబడతారు. హీరోని సూడ్డానికి ఊరంతా ఉంది. ఆళ్లని ఒకరైనా సూడకపోతే ఎలాగ?"

టైమెంతయిందని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పి, గుండిగ మూత జారకుండా పట్టుకున్నాడు.

హాలు గుమ్మంలో టిక్కెట్లు చింపే మనిషి ఆమోసుని చూసి, "దాదా, ఆజ్ ఆబార్?" అన్నాడు. ఇవాళ మళ్లీనా అని. ఆమోసు దగ్గు తెచ్చుకుని గబగబా లోపలికి నడిచాడు.

మసాలా వాసనతో కాలనీ అంతా నాలుగు వరసలు నింపేసింది. స్టేషను సీను వచ్చింది. తెర నిండా హీరోయిన్ మొహం. ఆ మొహం పక్కన జుంకా. కాలనీ అంతా కథనొదిలేసి ఆ జుంకా కింద చూపులు పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపటికీ ఆవిడ తల వంచదు.

పోలమ్మకి ఓపిక అయిపోయింది. "ఓసే, ఆ తలకాయి పక్కకి జరపవే! మా కోడలు కనపడ్డంనేదు!"

అత్త మాట కాదనలేనట్టు హీరోయిన్ తల వంచింది. జుంకా జరిగింది. దాని కింద వేపాకంత పచ్చదనం, దాని చివర గాలిలో నిలిచిపోయిన ఒక చెయ్యి.

"అదిగో!" పోలమ్మ లేచి నిలబడింది. "అదే మా కోడలు! ఆ సెయ్యి సూడండి, నాకు రోజూ అట్లేసే సెయ్యి!"

శ్రీనివాస్ ఈల వేశాడు. చుట్టూ ఉన్న బెంగాలీవాళ్లు ఎవరని "కే? కే?" అంటుంటే పోలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "ఆమార్ బౌమా! ఆమార్ బౌమా!" అని తన కోడల్ని హాలంతటికీ పంచిపెట్టింది.

మీనాకుమారి ఒళ్లు తేలికైంది. పక్క సీటులో ఉన్న ఆమోసుకి ఏదో చెప్పాలి. దండం పెట్టాలో, ఏడవాలో, రేపు పొద్దున్న గోడ మీంచి నాలుగు అట్లు అందించాలో తెలియలేదు. నోరు తెరవబోతూ ఇంకోసారి తెర వైపు చూసింది. పచ్చచీర పక్కన, నల్లగా ఇంకేదో ఉంది. షూటింగునాడు తన ఝాల్‌మురి మరమరాల పొట్లంలో సగం ఆమెకి పెట్టిన ముసలాయన!

"మావయ్యా, ఆ గొడుగు ముసలాయన్ని సూసినారా? ఎండ మండిపోతన్నా గొడుగిప్పకుండా సంకలోనే పెట్టుకున్నాడు, నా మొకానికి అడ్డొస్తాదని. ఎంత బాగా సేసినాడో!"

"ఏ గొడుగు?" ఆమోసు ముందుకి వంగాడు. "ఏడీ? ఎక్కడ?"

తెర మీద రైలు వెళ్లిపోయింది. సీను మారి, హీరో గుండీలు విప్పుకుంటున్నాడు.

"ఓర్నాయనో!" ఆమోసు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వారం దినాలై వొస్తన్నాను, పచ్చసీర ఎక్కడుందా అని ఎతకడంలోనే సరిపోనాది. ఆయన్ని సూడనే నేదు మీనా!"

"వారం దినాలై వస్తన్నారా!"

ఆయన వినిపించుకునే స్థితిలో లేడు. "పాపం, అంత వయసాయన. ఏటనుకుంటాడు? రేపు మళ్లీ రావాల."

"నేనూ వస్తాను" అంది మీనాకుమారి. "మీరు ఎడం పక్క సూడండి, కుడి పక్క నేను సూస్తాను."