టకటకమ్మ కీబోర్డు

నగరసభ మందిరంలో ముందు వరుస కుర్చీలు వినికిడి లేనివారివి. వారికి ఎదురుగా, వేదిక పక్కన, గోడంత తెర ఒకటి ఉంటుంది. సభలో ఎవరు నోరు విప్పినా ఆ మాట అప్పటికప్పుడే అక్షరాలై దాని మీదికి ఎక్కుతుంది. ఎక్కించే మనిషి వేదిక మెట్ల పక్కన, మాట్లాడేవారి పెదవులు కనిపించే చోట, చిన్న బల్ల వేసుకుని కూర్చుంటుంది. టైపు మిషన్ల కాలంలో నేర్చుకున్న వేళ్లు కావడంతో ఆమె మీటలను మొహమాటం లేకుండా కొడుతుంది. అందుకని సిబ్బంది ఆమెకు టకటకమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు, తరువాత మొహం మీదే అనసాగారు. ఆమె ఆ పేరుకు నిక్షేపంగా పలకడం మొదలుపెట్టాక వెటకారం పోయి పేరు మిగిలింది.

ఆ బల్లకొక కట్టుబాటు ఉంది. మాట్లాడేవారెవరో ముందు రాయాలి, మాట ఆ తరువాత రాయాలి. అధ్యక్షురాలని, కార్యదర్శని, ఫలానా వార్డు సభ్యుడని. రాసే మనిషి మాత్రం తెర మీద ఉండకూడదు. ఆమె విసుగు గాని, నవ్వు గాని, అభిప్రాయం గాని అక్కడికి చేరకూడదు. టకటకమ్మ ఈ గీతను ఎన్నడూ దాటలేదు.

తగవంతా కీబోర్డు దగ్గర వచ్చింది. ఆమె పాతది వైరు ఉన్నది. ఒక సభ్యుడు ఆవేశంగా మైకు దగ్గరికి నడుస్తూ ఆ వైరు కాలికి తగిలి బోర్లా పడ్డాడు. దెబ్బ చిన్నదే కాని పరువు పెద్దది. మర్నాడే వేదిక దగ్గర వైర్లు ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. దాని వెంటే కార్యదర్శి ఇంకో ఫిర్యాదు బయటికి తీశాడు. ఆమె కొట్టే చప్పుడు ఆయన మైకులో పడి, సభ రికార్డింగులో ప్రతి ఉపన్యాసం కింద వడగళ్లు కురుస్తున్నట్టు వినిపిస్తోందట.

కార్యదర్శి అన్యాయస్తుడు కాడు. ఆ రికార్డింగు ఆమెకే వినిపించాడు. విని ఆమె కాదనలేకపోయింది. ఆయన ఆఫీసు తరఫున అప్పడంలా పలచని వైర్‌లెస్ కీబోర్డు ఒకటి తెప్పించి ఇచ్చాడు. ఆమె దాన్ని మనస్ఫూర్తిగానే వాడి చూసింది. దాని మీద మీట పడిందో లేదో వేలికి తెలియదు. తెలియనప్పుడు కళ్లు కిందికి దిగుతాయి. కళ్లు దిగినప్పుడు పెదవులు తప్పిపోతాయి. ఆ రోజు తెర మీద సగం తెగిన మాటలు చూసి ముందు వరుసలో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అలవాటు కావాలండీ, అంతే," అన్నాడు కార్యదర్శి.

"నాకు అలవాటయ్యేదాకా వాళ్లు ఏం చదువుకుంటారండీ? చప్పుడు లేనిదీ, వైరు లేనిదీ, నా వేలికి తెలిసేదీ నేనే తెచ్చుకుంటాను."

"ఉంటే తెచ్చుకోండి. ప్రయోగంగా చూద్దాం. కుదరకపోతే మాత్రం మిమ్మల్ని పై అంతస్తులో రికార్డులు సరిచూసే పనికి మార్చాల్సి వస్తుంది. ముందే చెబుతున్నాను."

పై అంతస్తు పని తక్కువది కాదు, జీతమూ తగ్గదు. కాని అక్కడ చదివేవాళ్లు ఎదురుగా ఉండరు. ఆమెకు ముందు వరుస కావాలి. మాట చెవిలో పడ్డ క్షణానికి ఎదుటి మొహంలో వెలుగు రావాలి. ఆ కుర్చీ కోసమే ఆమె కీబోర్డు వేటకు బయలుదేరింది.

ఆ వేటలో ఆమె ఎవరి దగ్గరా దాచని అవసరం ఇంకొకటి ఉంది. సాయంత్రాలు ఆమె కంప్యూటరు మీద కోట ఆట ఆడుతుంది. ఎక్కడో దూరాన ఉన్న తమ్ముడు, మరదలు ఆమె జట్టు. వాళ్లింట్లో చంటిపిల్ల నిద్రపోతూ ఉంటుంది గనక ఆటలో మాటలుండవు, రాసుకోవడమే. ఫోను చేస్తే బాగున్నావా, బాగున్నాను అన్నంతలో ముగిసే తోబుట్టువుల ముచ్చట, శత్రువులు గోడ ఎక్కుతున్నప్పుడు మాత్రం మహా జోరుగా సాగేది.

ఇది ఆడపడుచుకు గిట్టదు. ఆవిడ కింది వాటాలోనే ఉంటుంది.

"యాభై దాటాక తుపాకుల ఆటలేమిటే మరదలా? వినేవాళ్లు ఏమనుకుంటారు?"

"తుపాకులు కావు వదినా. కోట కాపలా."

"ఓహో, వాచ్‌మన్ ఉద్యోగం. అది కూడా నీకే దొరికిందా?"

"మీరూ రండి. రెండో గేటు ఖాళీగానే ఉంది."

భర్త దర్జీ. మిషన్ దగ్గర తల వంచుకునే అన్నాడు, "ఆఫీసుకొకటి, ఆటకొకటి కొనుక్కోరాదూ? ఈ రెండూ కలపడమెందుకు?"

"కలిపితే తప్పేముంది?"

"తప్పని నేననలేదు. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు అంటారని."

"అననీ. రెండింటి మీద వేళ్లు తిరిగితే రెండూ సరిగ్గా రావు. నీ కత్తెర ఒక్కపూట ఎవరైనా పట్టుకుంటేనే ఇల్లు పీకి పందిరేస్తావు కదా."

ఆయన నవ్వి మళ్లీ కుట్టు మీదికి వంగాడు.

దుకాణంలో కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి ఆమెను చూడగానే వరసలో చవకరకం పెట్టెలవైపు నడిచింది.

"అబ్బాయికా అండీ? చదువుకా, గేములకా?"

"అబ్బాయి లేడు. ఉంటే వాడిది వాడే కొనుక్కునేవాడు. నాకే. రెండింటికీ."

అమ్మాయి ఇంద్రధనుస్సులా మెరిసే కీబోర్డు ఒకటి బల్ల మీద పెట్టింది. మీటల కింద రంగులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"ఈ లైట్లు ఆరిపోతాయా?"

"అదే కదండీ దీని అందం."

"నా అందం నాకు చాలు. ఆర్పు."

టకటకమ్మ బేరం బట్టల కొట్టు బేరంలా సాగింది, ఒక్క ధర మాటే లేకుండా. ఒక్కో రకం మీట కింద ఒక్కో స్విచ్చు. నీలం రకం నొక్కితే క్లిక్కుమని మోగింది. ఆ శబ్దానికి ఆమె ప్రాణం లేచి వచ్చింది, పాత టైపు మిషన్ మళ్లీ ఎదురొచ్చినట్టయింది. అయినా పక్కన పెట్టేసింది. ఆ మీటలు సభలో కొడితే కార్యదర్శి మాట నెగ్గుతుంది, అదీ న్యాయంగానే నెగ్గుతుంది. గోధుమరంగు రకంలో వేలికి మధ్యలో చిన్న తడబాటు తగిలింది. అది రాతకు హాయిగానే ఉంది కాని ఆటలో ఒకే మీటను గబగబా కొట్టేటప్పుడు అడ్డం పడింది. చివరికి చప్పుడు మింగే రకం ఒకటి దొరికింది. నొక్కితే తిన్నగా దిగుతుంది, అడుగున మెత్తటి దిండు మీద ఆగినట్టు ఆగుతుంది, ఆగిన సంగతి వేలికి స్పష్టంగా తెలుస్తుంది.

వైర్‌లెస్‌లో కూడా రెండు దారులున్నాయి. ఫోనుకు కలిపే బ్లూటూత్ ఒకటి, కంప్యూటరుకు గుచ్చే గోరంత ముక్క రెండోది. సభలో జనమంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, ఆ గందరగోళంలో మొదటి దారి తడబడుతుందేమోనని ఆమె అనుమానం. ఆటలో కూడా కన్ను మూసి తెరిచేంత ఆలస్యమైతే గోడ కూలుతుంది. ఇక్కడ పనికీ ఆటకూ పేచీ లేదు. రెండింటికీ గోరంత ముక్కే కావాలి.

"నువ్వు మాట్లాడుతూ ఉండు," అంది ఆమె అమ్మాయితో, కీబోర్డును దుకాణం కంప్యూటరుకు కలిపించుకుని.

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదైనా. దీని గురించే చెప్పు."

అమ్మాయి బ్యాటరీ గురించి, గ్యారంటీ గురించి చెప్పుకుపోయింది. టకటకమ్మ ఆమె పెదవుల మీద నుంచి చూపు తిప్పకుండా కొట్టుకుపోయింది. ముగిశాక అమ్మాయి తెర చూసుకుని నోరు తెరిచింది.

"అంటే, అంటే అని ఇన్నిసార్లన్నానా?"

"అన్నావు. ఇంకా ఒకటి రెండు వదిలేశాను. ఇదే కట్టి ఇవ్వు."

కొత్త కీబోర్డు సభలో ఎవరి దృష్టికీ రాలేదు. అదే దాని గెలుపు. రికార్డింగులో వడగళ్లు ఆగిపోయాయి. కార్యదర్శి స్వయంగా విని, బాగుందని ఒప్పుకున్నాడు.

ఈ కీబోర్డులో ఒక వెసులుబాటు ఉంది. పై వరుసలో ఒక్కో మీటకు పూర్తి మాటను అప్పజెప్పవచ్చు. ఒక్క నొక్కుతో "అధ్యక్షురాలు:" అని వస్తుంది. టకటకమ్మ సభ కోసం ఒక అమరిక చేసుకుంది. ఆట కోసం దానికే నకలు తీసి ఒక్క మీట మార్చింది. నగరసభ ఇంజినీరు సభకు రావడం అరుదు గనక ఆయన మీటకు, ఆటలో తాను జట్టుకు తరచూ రాసే మాటొకటి అప్పజెప్పింది. సభకు వచ్చే ముందు అమరిక మార్చుకోవాలి. ఒకరోజు మరచిపోయింది.

ఆ రోజే ఇంజినీరు వచ్చాడు. పాత మార్కెట్టు పైకప్పు పగుళ్ల గురించి చర్చ. ఆయన గొంతు సవరించుకుని లేవగానే టకటకమ్మ ఆయన మీట నొక్కింది. తెర మీద గోడంత అక్షరాల్లో పడింది:

"వెనక్కి తగ్గండి. గేటు నేను కాస్తాను."

అంతవరకు పగుళ్ల మాటే చదువుతున్న ముందు వరుస ఒక్కుమ్మడిగా లేచింది. కోతమిషన్ల హోరులో వినికిడి పోగొట్టుకున్న వడ్రంగి పెద్దాయన పైకప్పు వైపు చూసి, పక్కనున్న ముసలామె చెయ్యి పట్టుకుని తలుపు దాకా లాక్కుపోయాడు. వెనక వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. టకటకమ్మ వెంటనే "పొరపాటు. ప్రమాదమేమీ లేదు. కూర్చోండి" అని రాసి, లేచి వెళ్లి వడ్రంగిని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. సభ ముగిశాక అందరి ముందూ తప్పు ఒప్పుకుంది.

కార్యదర్శికి అది చాలలేదు. చాలకపోవడంలో ఆయన తప్పు లేదు. భయపడి పరుగెత్తే జనంలో ఎవరైనా పడితే జవాబు చెప్పాల్సింది ఆయన. తరువాతి సభకు తీర్మానం తయారైంది. సొంత పరికరాలు నిషేధం, ఆఫీసు ఇచ్చిన కీబోర్డే వాడాలి, సమ్మతించకపోతే ఆమెను పై అంతస్తుకు మార్చాలి.

"క్షమాపణ ఇంకోసారి చెప్పెయ్యి," అన్నాడు భర్త. "ఆట మానేశానని ఒక్క మాట అను. ఎవరొచ్చి చూస్తారు?"

"చేసిన తప్పుకు ఒకసారి చెప్పాను. చెయ్యని తప్పుకు చెప్పను. ఆడటం తప్పా?"

ఆయన ఆ సభకు అంగడి మూసి వచ్చి వెనక కూర్చున్నాడు.

తీర్మానం చదివింది కార్యదర్శి. దాన్ని తెర మీద రాయాల్సింది టకటకమ్మ. తన మీద పడుతున్న మాటలను ఆమె ఒక్క అక్షరం పోకుండా రాసుకుంటూ పోయింది. ఆమె ఇబ్బంది గ్రహించి ఆయన మధ్యలో కాస్త నెమ్మదించాడు. ఆమె తల ఎత్తకుండానే, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపింది.

అధ్యక్షురాలు ముందు వరుస అభిప్రాయం అడిగింది. వడ్రంగి లేచాడు.

"ఆ రోజు నా గుండె జారిపోయిందమ్మా. ఆమె మీద కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఆ అప్పడం కీబోర్డు పెట్టిన రోజున నాకు సగం సభ అర్థం కాలేదు. భయపడ్డది ఒక్కసారి. అది వస్తే రోజూ చెవిటివాణ్ణే."

పక్కనున్న ముసలామె మాత్రం, ఆటలు ఆటలే, పని పనే, రెండూ ఒకే పలక మీద వద్దంది. టకటకమ్మ ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రాసింది.

"మీరేమైనా చెప్పుకుంటారా?" అని అధ్యక్షురాలు ఆమెవైపు తిరిగింది.

లేచి నోటితో చెబితే రాసేవారు ఉండరు, ముందు వరుసకు తెలియదు. టకటకమ్మ కుర్చీలోనే ఉండి వేళ్లు కదిపింది. ఆ తెర మీద అంతవరకు కనబడని పేరొకటి కనబడింది.

"రాసే మనిషి: కార్యదర్శి గారు చెప్పింది నిజం. తప్పు నాది, కీబోర్డుది కాదు. ఆట మాట దీంట్లో నుంచి తీసేశాను. ప్రతి సభకూ ముందు ఎవరైనా వచ్చి పరీక్షించుకోవచ్చు. నేను రెండో కీబోర్డు కొనను. ఆట మానను. మానానని అబద్ధమూ చెప్పను. ఈ వేళ్లకు తెలిసిన పలక మీదే ఈ మందిరంలో మాట తెగకుండా వస్తుంది. నన్ను ఇక్కణ్ణుంచి లేపాలంటే తీర్మానం చెయ్యండి. అది కూడా నేనే రాస్తాను."

అధ్యక్షురాలు కార్యదర్శి వైపు చూసింది. ఆయన చేతిలోని కాగితాన్ని కాసేపు చూశాడు.

"పరీక్ష నేనే చేస్తాను. ప్రతిసారీ. అందుకు ఒప్పుకుంటే తీర్మానం వెనక్కి తీసుకుంటాను."

"రాసే మనిషి: రండి."

తరువాతి సభకు ముందు, జనం రాకమునుపే, ఆయన వచ్చాడు. పై వరుస మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి తెర చూశాడు. ఆమె చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన వెళ్లబోతూ ఆగాడు.

"ఆ ఆటలో గెలుస్తుంటారా?"

"ఎక్కువగా ఓడిపోతాం."

"మరి ఎందుకండీ ఇంత పట్టుదల?"

"గెలిచేవాళ్లే ఆడాలని మీరు ఉత్తర్వేమైనా వేశారా?"

ఆయన నవ్వబోయి, నవ్వకుండా తన కుర్చీ వైపు నడిచాడు. ముందు వరుసలోకి ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. టకటకమ్మ తన కుర్చీ దగ్గరికి లాక్కుని, మీటల మీద వేళ్లు పెట్టి, అధ్యక్షురాలి పెదవుల కోసం చూడసాగింది.