బుల్లిబాబు రబ్బరు బుగ్గ

మా జగ్గయ్యపేటలో ఇంటి పైకప్పులకు ప్లాస్టర్ పూలు అతికించే నౌషాద్‌కు ఒక పిచ్చి ఉంది. పెదవి కదపకుండా బొమ్మచేత మాట్లాడిస్తాడు. ప్లాస్టర్ బస్తాలు నా పెయింట్ల కొట్లోనే కొంటాడు కాబట్టి ఆ పిచ్చిలో సగం నేనూ భరించాను. నేను బేరం ఆడుతుండగా నా రంగు డబ్బా "అంత రేటా!" అని అరిచిందంటే అది వాడి పనే. తిట్టలేక, నవ్వాపుకోలేక చచ్చేవాణ్ణి.

ఈ విద్య వాడికి నేర్పింది నందిగామ హరిచరణ్ మాస్టారు. నౌషాద్ చిన్నప్పుడు అక్కడ చిన్నాన్న ఇంట్లో ఉండి ఆయన దగ్గరే చదివాడు. చదువు అబ్బలేదు గానీ బొమ్మ అబ్బింది. మాస్టారి బొమ్మ పేరు బుల్లిబాబు, బడి ఎగ్గొట్టే కొంటె పిల్లాడు. మొదటి బుల్లిబాబు కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్రతో పుట్టాడు. వాడి దవడ ఊడితే, మాస్టారు పాత పరీక్ష పేపర్లు నానబెట్టి దంచి, ఆ గుజ్జుతో రెండో తల చేశారు. అది వేదాద్రి తిరునాళ్లలో వానకు తడిసి ముక్కు జారిపోయింది. ఆయన మళ్ళీ కర్రకే వచ్చారు.

ఈమధ్య మాస్టారికి వేళ్లు సరిగా వంగడం లేదు. బుల్లిబాబు పేరునీ గొంతునీ నౌషాద్‌కు ఇచ్చేస్తారని అందరం అనుకున్నాం. నౌషాద్ చిన్నప్పటినుంచీ కోరుకున్నది అదొక్కటే. సరిగ్గా అప్పుడే వాడు ఫోనులో వీడియోలు చూసి రబ్బరు అన్నాడు.

"పై దేశాలవాళ్లు మన తాతల కాలంలోనే రబ్బరు పాలు అచ్చుల్లో పోసి బొమ్మల మొహాలు తీసేవాళ్లంట మాస్టారూ. కర్రకి నోరొక్కటే ఆడుద్ది. రబ్బరుకి బుగ్గలు కూడా ఆడతయ్యండి."

"ఆ పై దేశాలవాళ్లే ఇప్పుడు సిలికాన్ అంటున్నారంటగా! నీ రబ్బరు నాలుగు ఎండలకి జిగురుకట్టి చస్తది. నా కర్ర నీ మనవల దాకా ఉంటది."

"పోతే పోనివ్వండి. అచ్చు ఉంటదిగా. మళ్ళీ పోస్తా."

మాస్టారు తేల్చేశారు. "చిల్డ్రన్స్ డేకి మా నందిగామ బడికి తీసుకురా నీ రబ్బరోణ్ణి. బుల్లిబాబు నవ్వించినట్టు పిల్లల్ని నవ్వించాడా, ఆ పేరూ గొంతూ నీవి. లేదంటే నా కర్రోడు నాతోనే ఉంటాడు."

ఇక నౌషాద్‌కు కంటిమీద కునుకు లేదు. మట్టితో ముఖం చేసి, నా ప్లాస్టర్‌తోనే రెండు ముక్కల అచ్చు తీశాడు. పైకప్పు పనిలో అచ్చుకు నూనె రాయడం వాడికి అలవాటు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుందని మొదటి తల చెడగొట్టుకుని తెలుసుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడం మాత్రం మరిచాడు. రెండోసారి, ముక్కు పగిలే వాసనతో ఉన్న ఆ పాలు పోసి, అచ్చు తడి పీల్చుకుని లోపల తోలు కట్టాక మిగిలినవి వంపేసి, ఆరాక పౌడరు చల్లి ఒలిచాడు. బయటికొచ్చిన బుల్లిబాబును చూసి నేను బేరం వదిలేశాను. నొక్కితే నవ్వుతున్నాడు, పిండితే ఏడుస్తున్నాడు. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట తప్ప వంక పెట్టడానికి లేదు.

ఆ సొట్టే కొంప ముంచింది. నౌషాద్ తల్లి అమీర్‌బీ మా వీధిలో పసిపిల్లలకు నీళ్లు పోసే మనిషి. ముక్కు చప్పిడైనా, తల సొట్టపడినా, నూనె పెట్టి రుద్ది తీర్చడానికి ఆమె చెయ్యి పడాల్సిందే. కొడుకు పనికి పోయినప్పుడల్లా ఆమె బుల్లిబాబును కాళ్ల మీద పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి కొబ్బరినూనెతో ఆ బుగ్గను రుద్దుతూ వచ్చింది. ప్రదర్శన రోజు పొద్దున నౌషాద్ సంచి తెరిచేసరికి బుగ్గ బూరెలా పొంగి ఉంది.

"అమ్మా! ఏం చేసావే!"

"సొట్ట పోయిందా లేదా?" అంది ఆమె గర్వంగా. "ఊళ్లో పిల్లలందర్నీ తీర్చా. ఈ రబ్బరు పిల్లోడో లెక్కా?"

నౌషాద్ నేలమీద కూలబడ్డాడు. కొత్త తల పోసి ఆరబెట్టే వ్యవధి లేదు. నాకు ఒళ్లు మండింది. "ఏడ్చింది చాల్లే, బస్సు పోద్ది," అని సంచి నేనే భుజాన వేసుకున్నాను. నేను తీర్చిన బుగ్గ నేను చూసుకోవద్దా అంటూ అమీర్‌బీ కూడా బయల్దేరింది. దారి పొడవునా నౌషాద్ పెదవి కదపలేదు. ఈసారి బొమ్మా మాట్లాడలేదు.

బడి ఆవరణ పిల్లలతో కిటకిటలాడుతోంది. మాస్టారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. నౌషాద్ బొమ్మను ఒళ్లో పెట్టుకోగానే ఒక పాప "అయ్యో, బుగ్గ వాచింది!" అంది. నౌషాద్ గబుక్కున బొమ్మను అటు తిప్పాడు. ఆ కుదుపుకి మెత్తబడిన బుగ్గ లొడలొడా ఊగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. అంతే, వాడి ముఖం వెలిగింది.

"పన్ను నొప్పి," అని మూలిగాడు బుల్లిబాబు. "బడికి రాలేనంటే ఈయన నమ్మట్లా."

"మరి నిన్న చెరుకుగడ నమిలిందెవరు?"

"అది కుడిపక్క నమిలా!"

బడి గొల్లుమంది. సూదిమందు మాట వినగానే బుల్లిబాబు బుగ్గను లోపలికి పీల్చేసి "తగ్గింది, తగ్గింది!" అన్నాడు. నౌషాద్ అటు తిరగగానే మళ్ళీ పొంగించాడు. వెనకనుంచి అమీర్‌బీ ఉండబట్టలేక "కాస్త నూనె రాస్తే తగ్గుద్దిలే నాయనా!" అని అరిచింది.

"అమ్మో, వద్దు! రాసేగా ఇట్టా అయింది!" అన్నాడు బుల్లిబాబు.

పిల్లల సంగతి సరే, నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. మాస్టారు మాత్రం నవ్వలేదు. లేచి మెల్లగా వేదిక దగ్గరికి నడిచారు. నౌషాద్ వైపు చూడనే లేదు, వంగి బొమ్మ కళ్లలోకి చూశారు.

"ఏరా బుల్లిబాబూ, నన్ను గుర్తుపట్టావా?"

ఇన్నేళ్లుగా బుల్లిబాబు జవాబులన్నీ ఆయన నోటివే. ఇప్పుడు ప్రశ్న వేసి, జవాబేమిటో తెలియక ఆగిపోయారు.

బుల్లిబాబు ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. వాచిన బుగ్గ కదిలింది.

"గుర్తులేకేం మాస్టారూ! ఇన్నాళ్లూ నన్ను ఒక్క ముక్కైనా మాట్లాడనిచ్చారా? అంతా మీరేగా మాట్లాడింది!"

మాస్టారు పకపకా నవ్వారు. కడుపు పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతుంటే నవ్వారు. బుల్లిబాబు మాటకు ఆయన నవ్వడం అదే మొదటిసారి.