అర మిల్లీమీటరు కిందికి

మొన్న ఉప్పల్‌లో మెట్రో దిగి, ఎండకు తాళలేక పక్కనున్న మాల్‌లోకి వెళ్తే, ఒక దుకాణం అద్దాల వెనక తారీఖూ వారమూ నెలా చంద్రకళా అన్నీ చూపే చేతిగడియారం కనబడి, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

డెబ్బయ్యో దశకం మొదట్లో నాచారంలో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ఉండేవాణ్ణి. పాలిటెక్నిక్ చదువు ముగిసిన వారానికే మేనమామ తన మాట మీద పెట్టించిన ఉద్యోగం. పొద్దుటి సైరన్ నుంచి సాయంత్రం సైరన్ దాకా పంపుల మూతలు, వాటి బోల్టు రంధ్రాలు, మళ్లీ మూతలు. రెండేళ్లకే కిటికీ లేని ఆ గదిలో ఊపిరాడనట్టుండేది. మానేస్తానంటే మామయ్య, నీకు పూచీ పడ్డ నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలనేవాడు. వేరే ఊళ్లోని గడియారాల ఫ్యాక్టరీలో చోటు దొరికితే మాత్రం వెళ్లమన్నాడు, దొరకదన్న ధీమాతో. వాళ్లు దరఖాస్తుతో పాటు ఒక డయల్ బొమ్మ గీసి పంపమన్నారు.

మా పెద్ద ఇంజనీరు గారి చేతికి, మొన్న మాల్‌లో చూసినటువంటి విదేశీ గడియారమే ఉండేది. వారం రోజులు మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్లేవారు. నేను అన్నం డబ్బా తెరవకుండా భూతద్దం, స్కేలు పట్టుకుని వ్యాసం, అంచు వెడల్పు, ముల్లు పొడవు, అంకెల ఎత్తు, చంద్రుడి కిటికీ వంపు వరుసగా రాసుకున్నాను. ఇన్ని పెట్టినా ఎక్కడా ఇరుకనిపించని ఆ పొందిక చూస్తుంటే, అంత చిన్న చోట అన్నింటికీ చోటుంది, నాకే లేదనిపించేది.

ఒక్కటే పొసగలేదు. డయల్‌లో అటూ ఇటూ చిన్న ముళ్లు తిరిగే రెండు చిన్న వలయాలు మధ్యగీత మీద కాక, అర మిల్లీమీటరు కిందికి ఉన్నాయి. చేసినవాడి పొరపాటనుకున్నాను. మా దగ్గర రంధ్రం గీత తప్పితే ఆ మూత తుక్కే. పదింతలు పెంచి గీసిన బొమ్మలో వాటిని గీత మీదికి ఎక్కించి, పోస్టు చేసి వచ్చాక, నకలును ఇంజనీరు గారికి గర్వంగా చూపించాను.

ఆయన ఆ వలయాల మీద వేలు పెట్టి, "అది తప్పు గాదు నాయనా. పైన వారం, నెల కిటికీలున్నయ్ గదా, వాటికి ఊపిరాడాలని జర కిందికి దించిండు. నువ్వు సాపు జేసి పానం దీసినవ్," అన్నారు.

పిలుపు రాలేదు. సంతోషం దాచుకోలేని మామయ్య, "మూతలకేం తక్కువరా అబ్బాయ్, నెలకో కొత్త సైజు వస్తుందిగా," అన్నాడు. అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడా ఫ్యాక్టరీ చోట అపార్టుమెంట్లు లేచాయి. బొమ్మలు కంప్యూటర్లలోనే గీస్తున్నారు. వలయాన్ని గీత దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే గీతకు అతుక్కుపోతుందని మా మనవరాలు చెబుతుంది. దుకాణం అద్దానికి ముఖం ఆనించి చూశాను. ఆ రెండు వలయాలూ ఇంకా కిందికే ఉన్నాయి.