కల్లంలో జడకోపు

ఆ సాయంత్రం మా మిరప కల్లంలో ఉన్నవాళ్లు, ఉన్నవి: పదహారు మంది ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో కోలలు, నేలలో పాతిన ఒక ఇనుప గొట్టం, గొట్టం కొసన పాత సైకిలు చక్రం, ఆ చక్రం నుంచి వేలాడుతున్న పదహారు రంగుల తాళ్లు, ఒక స్పీకరు, కోలాటం నేర్పే గురువుగారు, ఆయన మోటారు సైకిలు, దాని నీడలో పడుకున్న కుక్క, గట్టు మీద నేను. పదహారు మందిలో పదిహేను మంది యాభై లోపువాళ్లు. మిగిలిన ఒక్కరు మా నాయనమ్మ. ఆమెకు డెబ్బై రెండేళ్లు.

కుక్కని కూడా లెక్కలో వేయడం నా ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఒంగోలులో పంపుసెట్లు తయారుచేసే చోట నాణ్యత చూసే పని చేస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా ముందు అక్కడ ఏమేం ఉన్నాయో చూసుకుంటే గాని నాకు కుదురుండదు. ఆ చక్రాన్ని గొట్టానికి వెల్డింగ్ చేయించింది నేనే. పాత చీరల్ని చింపి తాళ్లు పేనింది నాయనమ్మ. అందులో అమ్మ పెళ్లినాటి చీరాల చీర ఒకటి ఉందని తర్వాత ఇంట్లో పెద్ద గొడవైంది.

కోలాటంలో ఒక్కో ఆటని కోపు అంటారు. జడకోపు ఆఖరి ఆట, అన్నిటికన్నా కష్టమైన ఆట. ఒక్కొక్కరూ ఒక తాడు కొసని ఎడమ చేత్తో, కోలని కుడి చేత్తో పట్టుకుంటారు. సగం మంది కుడికి, సగం మంది ఎడమకి తిరుగుతారు. ఎదురొచ్చిన మొదటి మనిషికి లోపలి వైపు నుంచి, తర్వాతి మనిషికి బయటి వైపు నుంచి తప్పుకుంటూ పోవాలి. అలా పోతుంటే గొట్టం చుట్టూ పైనుంచి కిందికి జడ దిగుతుంది. పచ్చ, ఎరుపు, పసుపు పాయలు గళ్లు గళ్లుగా అల్లుకుంటూ దిగడం మొదటిసారి చూసినప్పుడు నేను గట్టు మీద కూర్చోలేక లేచి నిలబడ్డాను. మగ్గం మీద గుడ్డ నేయడం తెలుసు. మనుషులే కండెలై తిరుగుతూ నేయడం అప్పుడే చూశాను.

అసలు చిక్కు తర్వాత ఉంది. జడ అల్లాక, అదే పాట మళ్లీ ఎత్తుకుని, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోతూ దాన్ని విప్పాలి. అల్లేటప్పుడైనా విప్పేటప్పుడైనా ఒక్కరు లోపలికి బదులు బయటికి పోతే చాలు, అక్కడ ముడి మిగిలిపోతుంది. ఆట అయ్యాక గురువుగారు గొట్టం దగ్గరికి వెళ్లి ముడి మీద వేలు పెట్టి అందరి వైపూ చూసేవారు. రోజూ రెండో మూడో మిగిలేవి.

నాయనమ్మకి ఇంట్లోనూ అదే ధ్యాస. పొద్దున్నే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని, పప్పుగుత్తి కోలలాగా పట్టుకుని, వాటి మధ్య నుంచి లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి నడిచేది. కాఫీకి వచ్చిన నాన్న ఒక కుర్చీలో కూర్చుంటే లేపేది కాదు. ఆయన్నీ కలుపుకుని చుట్టూ తిరిగేది. సాయంత్రం నాలుగింటికే కొంగు బిగించి వాకిట్లో కూర్చునేది. సింగరాయకొండ గుడి ఉత్సవంలో ఆడటానికి మా ఊరి జట్టుకి పిలుపు వచ్చింది. అక్కడ జడకోపు మొదటి నుంచి చివరిదాకా ఆడాలన్నది ఆమె కోరిక.

ఇంట్లో వాళ్ల భయం వేరు. కల్లం నుంచి తిరిగి వచ్చేసరికి నాయనమ్మ మొహం ఎర్రగా కందిపోయి ఉండేది. కళ్లల్లో నీళ్లు. గుండె మీద చెయ్యి వేసుకుని, అరుగు మీద కూర్చుని, పావుగంట దగ్గేది. ఒళ్లు హూనం చేసుకుంటోందని, ఈ వయసులో ఈ గంతులేమిటని నాన్న అన్నాడు. గుంటూరు నుంచి మేనత్త రోజూ ఫోన్ చేసి, ముందు వాళ్లమ్మ ఎలా ఉందని అడిగి, తర్వాత మా అమ్మ ఏం చేస్తోందని అడిగేది. ఆ రెండో ప్రశ్నకి అర్థం అమ్మకి బాగా తెలుసు.

"అత్తయ్యా, రేపు మీకేమన్నా అయితే ఊరు అనేది మిమ్మల్ని కాదు, నన్ను," అంది అమ్మ ఒకరోజు. "కోడలు దగ్గరుండి ఆడించి పంపించింది అంటారు."

"ముప్పై ఏళ్లు నడుం వంచి కాయలు కోశాను. అప్పుడు ఎవరికీ నా గుండె గుర్తు రాలా," అంది నాయనమ్మ. "కోల పట్టుకోంగానే గుర్తొచ్చిందా అమ్మాయ్?"

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. అందుకని నాయనమ్మని, అమ్మని ఒంగోలులో గుండె డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. చేయాల్సిన పరీక్షలన్నీ చేశారు. ఆ వయసుకి గుండె బాగానే ఉందని డాక్టరుగారు చెప్పారు. ఆడుతూ పాట కూడా పాడతారా అని నాయనమ్మని అడిగారు. పాడకపోతే కోలాటం ఎట్లా అవుతుందని ఆమె ఎదురు అడిగింది. ఆయన నవ్వి, అమ్మ వైపు తిరిగారు.

"పాట సాగినంతసేపు ఆడనివ్వండమ్మా. ఆయాసంతో పాట ఆగిపోతే మాత్రం వెంటనే కూర్చోబెట్టండి."

అమ్మకి ఇది సరిపోలేదు. గుండె బాగుంటే ఆ దగ్గు ఎక్కడిదని ఆమె ప్రశ్న. నాడి కొలిచే గడియారం నాయనమ్మ చేతికి కట్టి, కల్లంలో వచ్చిన అంకెలు అమ్మకి చూపించాను. అన్నీ డాక్టరుగారు చెప్పిన హద్దులోనే ఉన్నాయి. గడియారం దగ్గదు కదా అంది అమ్మ.

ఉత్సవం రెండు వారాల్లోకి వచ్చింది. ఆ రోజు అమ్మే స్వయంగా కల్లానికి బయలుదేరింది. అందరి ముందూ చెబితేనే అత్తయ్య వింటుందని, ఇవాళ్టితో ఆపించేస్తానని దారంతా నాతో చెబుతూ నడిచింది. మేం వెళ్లేసరికి జడకోపు సగంలో ఉంది. ఆట మధ్యలో ఆపితే తాళ్లు చిక్కుపడతాయని తెలిసి, చేతులు కట్టుకుని గొట్టానికి గాలివాటున నిలబడింది. అమ్మ ఆ సాధన చూడటానికి రావడం అదే మొదటిసారి.

పదహారు జతల కాళ్లు నేలని తొక్కుతున్నాయి. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి వేసవి దాకా ఆ నేల మీదే మా కాయలు, పక్కవాళ్ల కాయలు ఎండాయి. మంచి కాయ గుంటూరు యార్డుకి వెళ్లిపోయింది. తాలుకాయల ముక్కలు, గింజలు, ఎర్రటి పొడి నేలలోనే ఉండిపోయాయి. అడుగు పడినప్పుడల్లా అది లేస్తోంది.

అమ్మ ముందు ఒకసారి తుమ్మింది. తర్వాత వరసగా తుమ్మింది. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. మొహం కందిపోయింది, కళ్ల వెంట నీళ్లు కారాయి, గుండె మీద చెయ్యి వేసుకుని గట్టు మీద కూలబడింది. అచ్చం నాయనమ్మ అరుగు మీద కూర్చున్నట్టే.

ఆట ముగిశాక నాయనమ్మ మంచినీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది. తనూ దగ్గుతూనే ఉంది. కోడలి చేతికి చెంబు అందించి, పక్కన కూర్చుని, తాపీగా అడిగింది.

"అమ్మాయ్, నువ్వెన్ని కోపులు ఆడావు?"

కల్లమంతా నవ్వింది. నవ్వుతున్నవాళ్లలో సగం మంది తుమ్ముతున్నారు. అప్పుడు చూశాను నేను. మొదటి రోజు నుంచీ వాళ్లంతా తుమ్ముతూనే ఉన్నారు. గట్టు మీద నేనూ తుమ్ముతూనే ఉన్నాను. మా వైపు కాయ కోతకి వచ్చినప్పటి నుంచి తుమ్ముని ఎవరూ లెక్కలో వేయరు. నేనూ వేయలేదు. మిగిలినవాళ్లు దగ్గితే అది వట్టి దగ్గు. డెబ్బై రెండేళ్ల మనిషి దగ్గితే అది గుండె.

అమ్మ నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, నవ్వాలో కోప్పడాలో తెలియక గురువుగారి మీద పడింది. ఊళ్లో ఇంత జాగా ఉండగా మిరప కల్లమే దొరికిందా అని నిలదీసింది. చదునుగా ఉందనీ, సాయంత్రం ఖాళీగా ఉంటుందనీ ఆయన నసిగారు. మర్నాటికి అమ్మే జిన్నింగు మిల్లు వాళ్లతో మాట్లాడి, పత్తి లేని రోజుల్లో ఖాళీగా పడి ఉండే వాళ్ల సిమెంటు గచ్చుని సాధనకి అడిగింది. గొట్టం పీకి అక్కడికి మోసింది నేను, మా ట్రాక్టరు తోలే అన్న. ఆ సాయంత్రం నాయనమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. మేమందరం ఆమె ఎదురుగా నిలబడ్డాం. దగ్గలేదు. ఏమిటట్లా చూస్తారు, అన్నం పెట్టండి అంది.

అయినా అమ్మ పూర్తిగా వదిలిపెట్టలేదు. డాక్టరు మాట ఒకటి ఉంది కదా. సింగరాయకొండకి బయలుదేరే ముందు వాకిట్లో నిలబడి చెప్పింది.

"పాట ఆగిందా, నేను లోపలికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. ఎంత మంది చూస్తున్నా సరే."

"ఆగితే రా," అంది నాయనమ్మ.

గుడి వీధిలో ఉక్క. సముద్రం వైపు నుంచి గాలి వచ్చినట్టే వచ్చి జనంలో ఆగిపోతోంది. గొట్టాన్ని ఇసుక నింపిన డ్రమ్ములో నిలబెట్టి, అది కదలకుండా రాళ్లు సర్దాను. మామూలు కోపులు అయిపోయాయి. పదహారు మందీ నీళ్లు తాగి తాళ్లు అందుకున్నారు. గడియారం అంకెలు నా ఫోనులో కనిపిస్తున్నాయి. అమ్మ వాటిని చూడలేదు. ఆట వైపు కూడా చూడలేదు. తల వంచుకుని, కళ్లు మూసుకుని, పదహారు గొంతుల్లో ఒక గొంతుని వింటోంది. కాస్త బొంగురుగా, మిగతావాళ్ల కన్నా అరక్షణం ముందుగా లేచే గొంతు అది. వినగా వినగా నాకూ అది విడిగా వినపడసాగింది.

జడ దిగింది. చీరాల చీర పసుపు పాయ మధ్యలో మెరిసింది. జనంలో ఈలలు. పాట మళ్లీ ఎత్తుకుని వెనక్కి తిరిగారు. జడ కింది నుంచి విచ్చుకుంటూ సగం దాకా వచ్చింది.

అప్పుడు ఆ గొంతు ఆగింది.

అమ్మ కళ్లు తెరిచింది. చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుంది. రెండు అడుగులు లోపలికి వేసింది. నేను వెనకే లేచాను. ఆ క్షణంలోనే, స్పీకరుని మించి, వీధి చివరిదాకా వినపడేలా ఆ గొంతు లేచింది.

"బయటికే. ఒసే, నీకే చెప్పేది, బయటికి పో."

నాయనమ్మకి ఎదురుగా వస్తున్న, ఊళ్లోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి లోపలికి పెట్టబోయిన కాలుని వెనక్కి లాక్కుని బయటికి తప్పుకుంది. నాయనమ్మ ఆమె పక్క నుంచి దూసుకుపోతూ, పాటని తర్వాతి చరణంలో అందుకుంది.

అమ్మ అక్కడే, ఆడేవాళ్లకీ జనానికీ మధ్య, చేతిలో చెప్పులతో నిలబడిపోయింది. వెనక్కి రాలేదు. కాసేపటికి ఆమె పెదాలు కూడా పాటతో కదలడం చూశాను.

ఆఖరి అడుగుకి తాళ్లన్నీ విడిపోయాయి. పదహారు మందీ పాట ఆపి, రొప్పుతూ, గురువుగారి వైపు చూశారు. ఆయన డ్రమ్ము ఎక్కి, గొట్టం మీద పైనుంచి కిందికి చెయ్యి రాశారు. తర్వాత ఒక్కో తాడూ పట్టుకుని వేళ్ల మధ్య నుంచి చివరిదాకా జార్చారు.

తాళ్లు పదహారు. ముడులు సున్నా.