గుండ్లు విప్పిన వల

1964లో నేను నెల్లూరులో ఒక ఆసుపత్రి ఫిజియోథెరపిస్టుని. కత్తి పెట్టకుండా వేడితో, మర్దనతో, వ్యాయామంతో నొప్పులు తగ్గించడం నా పని. వరండా చివరి గదిలో ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం, కప్పీకి వేలాడే తాడు, వాటికి తోడు నా మొండితనం. విభాగమంతా అంతే.

మైపాడు నుంచి పోలయ్య వచ్చాడు. ఉప్పుకాలువలో విసురువల వేసే మనిషి. కుడి భుజంలో టెండన్, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ, దెబ్బతింది. చెయ్యి భుజం దాటి లేవడం లేదు.

“రొయ్యల కాలంలోపు చెయ్యి లేవకపోతే వల మా బామ్మరిదికి పోద్దమ్మా. నన్ను ఒడ్డున బుట్ట పట్టుకోని నిలబడమంటా ఉండారు,” అంటూ కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలికన్నా పంతం ఎక్కువ పుట్టింది.

వారం పాటు దీపం పెట్టాను. నొప్పి తగ్గింది. ఎనిమిదో రోజు చెయ్యి పట్టుకుని మూలుగుతూ వచ్చాడు.

“నొప్పి పోయిందని వలేసినా.”

ఒంటికాలి మీద లేచాను. తర్వాత మర్దన చేశాను. రాత్రిళ్లు అతనికి నిద్ర పట్టింది కానీ చెయ్యి లేవలేదు. కప్పీ తాడు లాగించాను. చెయ్యి లేచింది కానీ సత్తువ రాలేదు.

అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. “నీ వల తీసుకురా,” అన్నాను.

తెచ్చాడు. అంచు పొడవునా సీసపు గుండ్లు. ఎత్తబోతే నా చెయ్యే వాలిపోయింది. ఇంత బరువుకు ఈ భుజాన్ని నేను ఒక్కరోజైనా సిద్ధం చేయలేదు!

“గుండ్లన్నీ విప్పు.”

“గుండ్లు లేకుండా వలేందమ్మా? విచ్చుకోదు. చూసినోళ్లు నవ్విపోతారు.”

“ఇది చేపలకు కాదు, చేతికి.”

మొహం మాడ్చుకునే విప్పాడు. రోజూ ముందు పది నిమిషాలు దీపం, ఆ తర్వాత ఆసుపత్రి ఆవరణలో ఉత్త వల విసరడం. మర్నాటికి నొప్పి పెరగకపోతేనే మరికొన్ని గుండ్లు కట్టనిచ్చేదాన్ని. రోగులు చుట్టూ చేరి, “ఎన్ని పడినాయన్నా?” అని ఆటపట్టించేవారు. ఒకరోజు ఇక రానన్నాడు.

“సరే, మీ బామ్మరిదికి నేనే కబురు చేస్తాను.”

మర్నాడు అందరికన్నా ముందు వచ్చాడు.

వేడి, మర్దన నొప్పిని అణుస్తాయి. పనికి తగిన బలం మాత్రం ఆ పని బరువునే కొంచెం కొంచెంగా మోస్తేనే వస్తుంది. ఇది నాకు నేర్పింది ఆ వలే. ఆనాటి నుంచి ఎవరి భుజం పట్టుకున్నా, “ఈ చేత్తో ఏం ఎత్తుతావు?” అన్నదే నా మొదటి ప్రశ్న.

రొయ్యల కాలం మొదట్లో పోలయ్య పట్టుబట్టి నన్ను మైపాడు తీసుకెళ్లాడు. గుండ్లన్నీ ఉన్న వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. ఒడ్డున బుట్ట పట్టుకుని బామ్మరిది నిలబడి ఉన్నాడు.