సైకిల్ చువ్వతో కొలిచిన ఇంజను

నా కళ్ళకు గంతలు కట్టండి. పక్కన మోటార్‌సైకిల్ స్టార్ట్ చేయండి. ఏ మోడలో, ఎన్ని సీసీల ఇంజనో శబ్దం విని చెప్పేస్తాను. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ, లేహ్ నుంచి తవాంగ్ దాకా, నా చేతిలో పడి బాగుపడని బండి లేదు. కెనడాలో, మిస్సిసాగాలో విమానం దిగిన రోజునే మా అల్లుడికి ఈ మాట చెప్పాను.

దిగింది అక్టోబరులో. రిటైరయ్యాక నేను చేసిన పోస్టింగ్ అదొక్కటే. అందుకని పోస్టింగ్ లాగానే రాస్తాను. కాలం, ఆరు నెలలు, విజిటర్ వీసా మీద. స్థావరం, హైవేకి దగ్గర్లో అల్లుడి ఇల్లు. వాతావరణం, దిగినప్పుడు వాన, నవంబరుకి మంచు, జనవరిలో మైనస్ పద్దెనిమిది. కిట్, మా అమ్మాయి కొనిచ్చిన జాకెట్, అల్లుడి పాత బూట్లు. ఆజ్ఞలు, గరాజ్ తలుపు తెరిచి ఉంచకూడదు, బేస్‌మెంట్‌లోకి దిగకూడదు.

బేస్‌మెంట్‌లో ఆరుగురు కుర్రాళ్ళు అద్దెకు ఉండేవాళ్ళు. అందరూ స్టూడెంట్లే. ఆ ఏడాది నేనెక్కిన విమానంలో కూడా సగం మంది అలాంటి పిల్లలే. కింద రెండు గదులు, నేల మట్టానికి ఒక్క కిటికీ. మంచు పడితే అదీ మూసుకుపోయేది. బంకర్‌లో కూడా మేం మనుషుల్ని అలా పేర్చలేదు. నాకు ఒళ్ళు మండేది. కానీ అల్లుడి ఇంట్లో భోంచేస్తున్న మామ ఏమంటాడు? అక్కడ రెండోసారి పెరుగు అడగడానికే నాకు మొహమాటం.

గరాజ్‌లో ఒక పచ్చరంగు పాత బుల్లెట్ ఉంది. అల్లుడు పక్క ఊరు ఓక్‌విల్ అవతల ఎవరో రైతు దగ్గర కొన్నాడు. ఇంగ్లండులో తయారైన మిలిటరీ మోడల్, ఐదొందల సీసీ ఇంజను అని చెప్పి అమ్మాడట ఆ రైతు. బండి స్టార్ట్ కాదు. కాబట్టి శబ్దం విని చెప్పే విద్య అక్కరకు రాలేదు.

“మామయ్యగారూ, మీరొకసారి చూసి కన్ఫర్మ్ చేయండి” అన్నాడు అల్లుడు.

స్పార్క్ ప్లగ్ విప్పాను. ఆ రంధ్రంలోంచి ఒక సైకిల్ చువ్వ లోపలికి దించాను. కిక్ రాడ్ మెల్లగా నొక్కుతూ, పిస్టన్ పైనున్నప్పుడు చువ్వ మీద ఒక గీత, కిందికి దిగాక ఒక గీత పెట్టాను. గీతల మధ్య దూరం తొంభై మిల్లీమీటర్లు. ఐదొందలే, అనుమానం లేదు అన్నాను. అల్లుడు నన్ను, చువ్వను, బండిని కలిపి ఫోటో తీశాడు. మాజీ సైనికుడైన మామగారు పరీక్ష చేసి ధ్రువీకరించారని రాసి తన స్నేహితుల గ్రూపులో పెట్టాడు. ఆ పూట భోజనంలో నాకు పెరుగు అడక్కుండానే వచ్చింది.

బండి విప్పి శుభ్రం చేసే పని బేస్‌మెంట్‌లోని కరీంనగర్ కుర్రాడికి అప్పజెప్పాడు అల్లుడు. మన దగ్గర మెకానికల్ డిప్లొమా చదివాడు వాడు. కాలేజీ, ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో డ్యూటీ, సెలవు దొరికితే గరాజ్. నేను స్టూలు మీద కూర్చుని లడఖ్ కథలు చెప్పేవాణ్ణి. వాడు నవ్వుతూ గ్రీజు గీకేవాడు. పనికి కూలీ లేదు. అడిగితే ఎక్స్‌పీరియన్స్ వస్తుంది కదా అన్నాడట అల్లుడు.

జనవరిలో అల్లుడి స్నేహితుడు వచ్చాడు. ఓక్‌విల్‌లో కార్ల ప్లాంట్‌లో ఇంజనీరు, పాత బళ్ళ పిచ్చివాడు. అప్పటికి ఇంజను హెడ్ విప్పి ఉంది. సిలిండర్ నోటికి అడ్డంగా స్కేలు పెట్టాడు. డెబ్భై మిల్లీమీటర్లు. ఇది ఇండియాలో చేసిన మూడొందల యాభై, ఐదొందలైతే ఎనభై నాలుగుండాలి అన్నాడు.

పిస్టన్ దిగే లోతు రెండు ఇంజన్లలోనూ తొంభయ్యే. తేడా అడ్డంలో ఉంది. నేను లోతు కొలిచి తీర్పు చెప్పాను.

ఇక్కడ కొంత ఒప్పుకోవాలి. నేను మెకానిక్‌ని కాదు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ స్టోర్స్‌లో టైర్లు, ట్యూబులు, బ్రేక్ షూలు అందించేవాణ్ణి. లేహ్‌లో ఉన్నమాట నిజం, స్టోర్ తలుపుకి లోపలివైపు. తవాంగ్ చూడనే లేదు.

అల్లుడి లెక్క మాత్రం వేరుగా నడిచింది. మామగారు చూసినప్పుడు ఐదొందలు. ఇప్పుడు మూడొందల యాభై. మధ్యలో చెయ్యి పెట్టింది ఆ కుర్రాడొక్కడే. అసలు ఇంజను అమ్ముకుని నాసిరకంది బిగించాడు. ఆదివారంలోగా తెచ్చివ్వకపోతే పోలీసులకు రిపోర్ట్ ఇస్తానన్నాడు. స్టడీ పర్మిట్ మీదున్నవాడికి ఆ రిపోర్ట్ అంటే దేశం వదలాల్సి రావడమేనని అల్లుడికి తెలుసు. తనూ పీఆర్ కోసం, అక్కడ స్థిరపడే అనుమతి కోసం, ఎదురుచూసిన రోజులున్నవాడే. రైతు చేతిలో మోసపోయానని ఒప్పుకోవడం కంటే ఆ పిల్లాణ్ణి దొంగ అనడం సులువైంది ఆయనకి. ఇప్పుడు రాస్తుంటే కూడా పళ్ళు నూరుతున్నాను.

కుర్రాడు గరాజ్‌లో నా దగ్గరికి వచ్చాడు.

“ఇంజన్ తీసి నేను ఏడికి మోస్త అంకుల్, బస్సులనా?”

“నాకు తెలుసు నాయనా.”

“తెలిస్తే జెప్పున్రి మరి. ఐదొందలని చెప్పింది మీరే గద.”

చెప్పాను. శనివారం పొద్దున, టిఫిన్ బల్ల దగ్గర లేచి నిలబడ్డాను. అల్లుడుగారూ, పొరపాటు నాది, ఆ బండి మొదటినుంచీ మూడొందల యాభయ్యే అన్నాను. నమ్మకపోతే రమ్మని గరాజ్‌కి తీసుకెళ్ళాను. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద పాత రంగు గీకాను. పొర కింద పొర, పచ్చ కింద నలుపు. అడుగున నంబరు తేలింది. ఇంజను ఎడమవైపు, సిలిండర్ కింద ఉన్నదీ అదే నంబరు. ఫ్యాక్టరీలో ఆ ఫ్రేములో బిగించిన ఇంజనే అది, ఎవరూ మార్చలేదు. స్టోర్స్‌లో నంబర్లు చూడటం ఒక్కటే నాకు నిజంగా వచ్చిన పని. పోలీసుల మాట అక్కడితో ఆగిపోయింది.

అయినా కుర్రాడు ఉండనన్నాడు. దొంగ అనిపించుకున్న కప్పు కింద పడుకోనన్నాడు. పడమటి దిక్కున ఎక్కడో దూరాన, సస్కటూన్‌లో వాడి స్నేహితుడెవరో ఉంటే అక్కడికి బయల్దేరాడు.

ఏప్రిల్‌లో నేను తిరిగి పార్వతీపురం వచ్చేశాను. బూట్లు విప్పాను, జాకెట్ పెట్టెలో పెట్టాను. కానీ ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి కదలదు. పైగది కిటికీలోంచి నేను చూసింది. మంచు పడుతోంది. వీపున బ్యాగు, చంకలో రైస్ కుక్కర్, దాని వైరు మంచులో ఈడ్చుకుపోతోంది. బస్టాపు దగ్గర ఆగి, ఆ కుర్రాడు నా వైపు చెయ్యి ఎత్తాడు. ఒక జవాను ఇంకొక జవానుకి ఎత్తినట్టు.

ఇంతవరకు రాసి మా అమ్మాయికి పంపాను. చదివి ఫోన్ చేసింది.

“శనివారం నువ్వు బల్ల దగ్గర లేవలేదు నాన్నా. ఇడ్లీ తింటూ కూర్చున్నావు. వాడు భయపడి ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. నువ్వు వంటింట్లో నాకు నిజం చెప్పింది సోమవారం. రంగు గీకి ఆయనకి నంబరు చూపించింది నేను. ఇంకోటి, వాడు చెయ్యి ఎత్తింది నీకు కాదు. బస్సుకి.”