శివారుకు చేరవలసిన బంతి

మా వంశంలో బి.ఏ. పట్టా పొందిన మొదటివాణ్ణి నేను. మా నాన్నగారు ధవళేశ్వరంలో కాలువ లాకుల దగ్గర పని చేసేవారు. పడవ వచ్చినప్పుడు లాకు తలుపులు మూసి, నీటిమట్టం సమానమయ్యాక తెరిచి వదలడం ఆయన ఉద్యోగం. పట్టా చేతికి వచ్చాక నాకు దొరికిన మొదటి పని, అదే కాలువల శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీరు దొరలకు తెలుగు నేర్పడం. వారిలో ఒకరిది స్కాట్లండు, మరొకరిది వేల్సు. స్కాట్లండు దొర అప్పటికే భాషాపరీక్షలో నెగ్గి, ఊరికే వచ్చి కూర్చునేవారు. వేల్సు దొర ఒకసారి తప్పారు.

పెద్ద ఇంజనీరు దొర నన్ను పిలిపించి ఉన్నమాట చెప్పారు. వేల్సు దొర రెండోసారి కూడా తప్పితే ఆయన ఉద్యోగం ఖాయం కాదు, నాకూ ఇక్కడ పని ఉండదు. నెగ్గితే ఆఫీసులో ఖాళీగా ఉన్న తర్జుమా గుమాస్తా చోటు నాది.

పాఠం సాయంత్రాలు బంగళా వరండాలో జరిగేది. నేను వాచకం తెరిచేసరికి దొరలిద్దరూ రగ్బీ ఆట గురించి వాదులాడుకుంటూ ఉండేవారు. ఓడ టపాలో స్వదేశపు పత్రికలు వచ్చిన వారమైతే వాచకం మూసే ఉండేది. ఆ ఆటను నేను అప్పుడూ చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. విని తెలుసుకున్నది ఇంతే: కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకొని ఎదుటివారి గీత దాటాలి, చేతితో ఇవ్వదలిస్తే తనకన్నా వెనుక ఉన్నవాడికే ఇవ్వాలి, బంతి ఉన్నవాణ్ణి నడుము పట్టి పడగొట్టవచ్చు. ఇదంతా మా నాన్నగారికి వివరిస్తే, “వెనక్కి ఇచ్చుకుంటూ ముందుకు పోతారా? ఏంట్రా అది, ఆటా, సర్కారు కచేరీ పనా?” అన్నారు.

స్కాట్లండు దొర సిద్ధాంతం ప్రకారం ఆటకు బలం ముందువరుస. బలిష్ఠులు గుంపుగా తోసి, బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకొని తన్నుకుంటూ మీద పడాలి. చేతులు మారేకొద్దీ బంతి జారిపోతుంది. వేల్సు దొర దీనిని ఒప్పుకొనేవారు కాదు. గుంపులోంచి బయటపడ్డ బంతిని అందుకొనే హాఫ్ అనే ఆటగాడే ఆటకు ప్రాణమని ఆయన వాదం. అతణ్ణి ఇప్పుడు ఫ్లై హాఫ్ అంటున్నారట. అతడు తల ఎత్తి, ఖాళీ ఎటు ఉందో చూసి, వెనుక వరుసగా నిలిచిన నలుగురికి బంతి పంచాలి. ఐర్లండువారి సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: వారు పరిగెత్తుకొచ్చే దారిలో నిలబడరాదు.

తెలుగులో నాలుగు వాక్యాలు పలకలేని మనిషి ఈ విషయం మీద గంటసేపు మాట్లాడటం గమనించి, ఒకనాడు నేను వాచకం పక్కన పెట్టాను. వాదన ఇకపై తెలుగులోనే సాగాలనీ, నోట ఇంగ్లీషు మాట దొర్లితే వంతు ఎదుటివారికి పోతుందనీ నియమం పెట్టాను.

“మీ హాఫ్ చాలా అందముగా పరిగెత్తును,” అని స్కాట్లండు దొర మొదలుపెట్టారు. “తరువాత అందముగా పడును.”

“పడుటకు ముందు ఇచ్చును!” అన్నారు వేల్సు దొర. “మీ వాడు ఎవరికీ ఇవ్వడు. మీ వాడు...” మాట అందక నా వైపు తిరిగారు. “మున్షీగారూ, అన్నియు తానే ఉంచుకొను మనిషిని ఏమందురు?”

“మా వైపు పై ఊరి రైతు అంటామండి,” అన్నాను.

అది వివరించవలసి వచ్చింది. వేసవిలో పండే రెండో పంట దాళ్వాకు కాలువ నీరు చాలదు కనుక ఊళ్లవారీగా వంతులు వేస్తారు. పై ఊరివారు తమ వంతు ముగిసినా తూము మూయరు. శివారువారు, అనగా కాలువ చిట్టచివరి పొలాలవారు, పొలానికి నీరు తెచ్చే పిల్లకాలువ, ఎండిన బోదె గట్టున కూర్చొని ఎదురుచూస్తారు. వేల్సు దొర కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“శివారు! అదే! మా వరుసలో చివరివాడు శివారు రైతు. హాఫ్ తూము. తూము మూసి ఉంచిన ఏమి లాభము?”

“మా కాలువ గట్టిది,” అన్నారు స్కాట్లండు దొర, పొగచుట్ట దించకుండా. “మీ బోదెలన్నియు కారును.”

ఆనాటి నుంచి రోజూ అదే చర్చ. పరీక్ష దగ్గరపడేకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. వాచకం సగంలోనే ఉంది. వారి నోట తూము, వంతు, శివారు, తోయుట, పడగొట్టుట తప్ప వేరొకటి వినబడదు.

“ఆ దొరకి ఏమన్నా వచ్చిందిట్రా?” అని నాన్నగారు అడిగారు.

“ఆటకి సరిపడా తెలుగు వచ్చిందండి.”

“అయితే ఆటలోనే అడగమని దణ్ణం పెట్టుకో.”

పరీక్ష రాజమహేంద్రవరంలో జరిగింది. ఉదయం లోపల తర్జుమా. మధ్యాహ్నం వరండాలో సంభాషణ. మొదటిది ముగించి వచ్చిన వేల్సు దొర ముఖం పాలిపోయి ఉంది. “బాగులేదు, మున్షీగారూ,” అన్నారు. ఇక మిగిలింది సంభాషణ ఒక్కటే. నేను మెట్ల దగ్గర స్తంభం పక్కన నిలబడ్డాను.

పరీక్షకులు ఇద్దరు: ఒక దొర, ఒక పండితులు. అర్జీ పట్టుకొని ఆ ఆఫీసుకు వచ్చిన ఒక వృద్ధ రైతును పిలిచి, నీ కష్టం చెప్పమన్నారు. అతడు ఊపిరి తీయకుండా మొదలుపెట్టాడు. “చేలు బీటలు తీసేశాయండి. వంతు మాదేనంటారండి, నీళ్లు మాత్రం రావండి. అడిగితే రేపంటారండి, ఎల్లుండంటారండి...”

“మీరు శివారువారా?” అన్నారు వేల్సు దొర.

రైతు ఆగిపోయాడు. “శివారేనండి బాబూ! తమకెలా తెలిసిందండి?”

“పైవారు తూము మూయలేదా?”

“మూస్తే నేనిక్కడికెందుకొస్తానండి?”

పండితులు కలగజేసుకున్నారు. “అయితే ఆ పై ఊరివాణ్ణి ఏమి చేయవలెనని తమ అభిప్రాయం?”

అలవాటైన ప్రశ్న కాబోలు, వేల్సు దొర క్షణమైనా ఆలోచించలేదు. “నడుము పట్టి పడగొట్టవలెను.”

నా తర్జుమా గుమాస్తా చోటు ఆ ఒక్క మాటతో పోయిందనుకున్నాను. ముందుగా రైతు నవ్వాడు. “అలాగేనండి! తమరు నడుం పట్టండి, నేను కాళ్లు పట్టుకుంటాను!” పండితులు ఉత్తరీయంతో నోరు కప్పుకున్నారు.

వేల్సు దొర కందగడ్డలా ఎర్రబడ్డారు. అయినా ఆగలేదు. “కాదు, కాదు. వంతు ముగియగానే తూము మూసి నీరు క్రిందివారికి ఇవ్వవలెను. ముందున్నవాడు ఉంచుకొనరాదు. చివరివాడు కాచుకొని యున్నాడు.” ఈ వాక్యాలను ఆయన బంతి గురించి మా వరండాలో ఎన్నిసార్లు అన్నారో నేను లెక్కపెట్టలేదు.

తర్జుమా బలహీనమనీ, రైతులతో మాట్లాడే శక్తి బాగున్నదనీ చెప్పి నెగ్గించారు. పెద్ద దొర మాట తప్పలేదు. నేను తర్జుమా బల్ల దగ్గర కూర్చున్నాను. రైతుల మాట తెలిసినవారని వేల్సు దొరను సముద్రం దగ్గరి శివారు భాగానికి వేశారు. స్కాట్లండు దొరకు ధవళేశ్వరంలో తలతూముల పని, అనగా గోదావరి నీటిని కాలువల్లోకి వదిలే పని, అప్పగించారు. వాదించేవారు లేక ఆయన అప్పుడప్పుడు పత్రిక పట్టుకొని నా దగ్గరకు వచ్చేవారు. నేను వేల్సు పక్షాన నాకు చేతనైనంత వాదించేవాణ్ణి.

ఆ దాళ్వాలో ఒక మధ్యాహ్నం వేల్సు దొర ఆఫీసులోకి వచ్చారు. ముఖం ఎండకు కమిలి, బూట్ల నిండా ఎండిన మన్ను. స్కాట్లండు దొర సంతోషంగా పత్రిక ఎత్తి చూపారు. “మీ వారు ఓడినారు! మీ హాఫ్ నాలుగుమార్లు బంతి జారవిడిచినాడు!”

వేల్సు దొర పత్రిక వైపు చూడలేదు. “అది తరువాత. నా వంతు నిన్ననే మొదలైనది. నీరు ఎక్కడ?”

ఆ మాట తెలుగులోనే అన్నారు. స్కాట్లండు దొర పత్రిక మడిచి నా బల్ల మీద పెట్టి, టోపీ తీసుకొని, తలతూముల వైపు బయలుదేరారు.